రెండు గంటల పాళి

మా అమ్మ నడుము మీద పుండు పడిందని నాకు మొదట వాసన చెప్పింది. కొడుకుగా ఈ మాట రాయడం ఇప్పటికీ కష్టంగానే ఉంది. ఆసుపత్రి నుంచి ఆమెను ఇంటికి తెచ్చి అప్పటికి పది రోజులు. పగలంతా దుకాణంలో బట్టలు కుట్టి, రాత్రి ఆమె మంచం పక్కనే చాప వేసుకుని పడుకునేవాణ్ణి. ఎలుక ఎక్కడో చచ్చి ఉంటుందనుకుని రెండు రోజులు ఇల్లంతా వెతికాను. మూడో రోజు నా భార్య నన్ను వంటింట్లోకి పిలిచి, "అది అత్తయ్య దగ్గర నుంచే వస్తోంది, మీరు ఒకసారి చూడాలి" అంది.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. మహేంద్రతనయ దాటితే ఆంధ్రలోని పాతపట్నం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, నా దుకాణంలో రెండూ నడుస్తాయి. నేను దర్జీని. మా నాన్న తొక్కిన మిషను మీదే నేనూ కూర్చున్నాను. 2018లో రథయాత్ర వెళ్ళిన వారానికి అమ్మకు పక్షవాతం వచ్చింది. ఎడమ కాలూ చేయీ పడిపోయాయి, మాట ముద్దగా అయింది. బజారులో నలభై ఏళ్లు ఒడియాలో బేరమాడిన మనిషికి ఆ తర్వాత ఒడియా ముక్క రాలేదు. వచ్చిందల్లా తెలుగే, అదీ తడబడుతూ.

వేరే ఊళ్ళో ఒక పెద్ద ఆసుపత్రిలో 19 రోజులు ఉన్నాం. అక్కడ ఆమె ప్రాణం నిలిపారు, ఆ మేలు మరచిపోను. అయితే ఆ 19 రోజుల్లో అమ్మను ఎవరూ పక్కకు తిప్పలేదు. తిప్పాలని మాతో అన్నవాళ్ళూ లేరు. మంచాన్ని తలవైపు ఎత్తి పెట్టేవారు. అమ్మ నెమ్మదిగా కిందికి జారిపోయేది. అక్కా నేనూ చెరో చంకలో చేయి వేసి పైకి ఈడ్చేవాళ్ళం. రోజుకు ఏడెనిమిదిసార్లు ఈడ్చి ఉంటాం. ఐదో రోజో ఆరో రోజో ఆమె "నడుము మంట" అంది. విధుల్లో ఉన్నవారికి చెబితే, పడుకునే ఉండేవాళ్ళకు నొప్పి ఉంటుందని జవాబు వచ్చింది. నేనూ సరేననుకున్నాను. ఆ మంట దగ్గరే నేను దుప్పటి ఎత్తి చూసి ఉంటే, తరువాతి ఆరు నెలలు వేరుగా ఉండేవి.

ఇంటికి తెచ్చిన రోజే అక్క బట్ట మారుస్తూ, పిరుదులకు కాస్త పైన, వెన్ను ముగిసే ఎముక మీద రూపాయి బిళ్ళంత ఊదారంగు మచ్చ చూసింది. స్ట్రెచర్ తగిలి కమిలిందనుకున్నాం. కొబ్బరినూనె రాసి గట్టిగా మర్దన చేశారు. పౌడరు చల్లారు. వారం తిరిగేసరికి మచ్చ నల్లబడి, అంచు దగ్గర చిట్లింది. అక్క అప్పటికే టెక్కలి వెళ్ళిపోయింది. పిల్లల బడులు ఉన్నాయి కదా. నా భార్య ఒక్కతే శుభ్రం చేసేది. నేను చూస్తానంటే అమ్మ కుడిచేత్తో చీర అంచు బిగించి పట్టుకునేది. కన్నకొడుకు ముందు ఆ సిగ్గు ఎంత పెద్దదో నాకు అర్థమయ్యేది, అందుకే బలవంతపెట్టలేదు. ఆ సిగ్గును మేమిద్దరం నాలుగు రోజులు కాపాడుకున్నాం. ఆ నాలుగు రోజుల్లో పుండు లోతుకు దిగింది.

ఎవరు ఏం చెబితే అది పెట్టాం. బెటాడిన్ పోశాం, నురగ వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశాం, పసుపు అద్దాం, పుండు ఆరాలని ఫ్యాను గాలి తగిలేలా తెరిచి పెట్టాం. మందుల దుకాణంలో రబ్బరు గాలి రింగు అమ్మితే, పుండు ఆ రంధ్రంలోకి వచ్చేలా దాని మీద పడుకోబెట్టాం. ప్రేమతోనే చేశాం అన్నీ.

పాతపట్నంలో అమ్మకు వరసకు చెల్లెలు ఒకామె ఉంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా ముప్పై ఏళ్లు చేసి విరమించింది. వాసన సంగతి ఫోనులో చెప్పగానే మరుసటి ఉదయం ఆటోలో వచ్చేసింది. చేతులు కడుక్కుని, అమ్మ తల నిమిరి, "అక్కా, నేనొచ్చాను, కాస్త చూస్తాను" అని అడిగి, ఆమె తల ఊపాకే దుప్పటి తీసింది. విచిత్రంగా, ముందు పుండును చూడలేదు. మడమలు చూసింది. తరువాత చీలమండలు, తుంటి ఎముకలు, మోచేతులు, భుజాల వెనక, చెవులు, తల వెనక భాగం. ఎడమ మడమ మీద బొటనవేలితో నొక్కి వదిలింది. అక్కడ చర్మం ఎర్రగా ఉంది, నొక్కితే పాలిపోలేదు.

"నొక్కితే తెల్లబడి, వదిలితే రంగు తిరిగి రావాలి నాయనా. నొక్కినా ఎరుపు పోకపోతే పుండు మొదలైనట్టే. పైన చర్మం బాగుంది కదా అనుకోకూడదు" అంది. మనలాంటి చామనఛాయ, నలుపు ఒంటికి ఆ ఎరుపు కనబడకపోవచ్చు. అందుకని చేతి వెనక భాగంతో తాకి చూడమంది. చుట్టుపక్కల కంటే అక్కడ వేడిగా ఉందా, చల్లగా ఉందా, గట్టిపడిందా, మెత్తగా నీరు పట్టినట్టు ఉందా, ఊదాగా మారిందా అన్నది చూడాలి. నా చేయి పట్టుకుని అమ్మ రెండు మడమల మీదా పెట్టించింది. తేడా తెలిసింది. గుడ్డను కళ్ళు మూసుకుని తడిమి పోగు చెప్పగల చేయి నాది, తల్లి మడమను అప్పటిదాకా తాకి చూడలేదు.

తరువాత పుండు చూసింది. నేను వాడినవన్నీ వరుసగా చెప్పబోయాను. ఆపింది. "దాని మీద ఏం పూశావో తరువాత చెబుదువుగాని. దాని మీద రోజుకు ఎన్ని గంటలు పడుకోబెడుతున్నావు?" లెక్కవేస్తే ఇరవైకి పైగా తేలింది. "ఆ ఇరవై గంటలు తీసెయ్యకుండా నువ్వు అమృతం పోసినా మానదు" అంది.

ఆ మధ్యాహ్నం ఆమె చెప్పిన విషయం నాకు నా పనిలోంచే అర్థమైంది. ఎముకకూ పరుపుకూ మధ్య మాంసం నలుగుతుంది. అక్కడికి రక్తం వెళ్ళదు. గంటలు గడిస్తే ఎముక దగ్గరి కండ ముందు చచ్చిపోతుంది, ఆ చావు చర్మం దాకా పైకి రావడానికి రోజులు పడుతుంది. మేం ఇంట్లో చూసిన ఊదారంగు మచ్చ ఆసుపత్రిలోనే లోపల తయారైపోయింది. ఇక ఈడ్చడం. మిషను మీద రెండు పొరల గుడ్డ కుట్టేటప్పుడు కింది పొరను పళ్ళు ముందుకు లాగుతాయి, పై పొరను పాదం అదిమి పట్టుకుంటుంది. చేత్తో సర్దకపోతే ఒక పొర వెనకబడి, చివర అంచులు కలవవు. అమ్మ మంచం మీద జారినప్పుడూ అంతే. చర్మం దుప్పటికి అతుక్కుని ఉన్నచోటే ఉంటుంది, ఎముక కిందికి పోతుంది, మధ్యలో రక్తనాళాలు సాగి మెలిపడి మూసుకుపోతాయి. ఆ మాట విన్నాక చంకల్లో చేతులు వేసి ఆమెను మళ్ళీ ఎప్పుడూ ఈడ్వలేదు.

గాలి రింగును పిన్ని ఆ రోజే పక్కన పెట్టించింది. రంధ్రంలో ఉన్న భాగానికి చుట్టూ నుంచి రావలసిన రక్తాన్ని ఆ రింగే నొక్కి ఆపేస్తుంది. మర్దనా వద్దంది. లోపల నలిగిన కండను పైనుంచి రుద్దితే ఇంకా చితుకుతుంది.

పుండు మీద నల్లటి పెచ్చు తోలులా కట్టింది. దాన్ని ఇంట్లో ముట్టుకోకూడదని, శస్త్రవైద్యుడే తీయాలని పిన్ని పట్టుబట్టి మమ్మల్ని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళింది. ఆయన మత్తు సూది ఇచ్చి చచ్చిన కండంతా కత్తిరించి తీశారు. తీశాక పుండు అంతకుముందు కంటే పెద్దదైంది. కొవ్వు పొర కనబడింది, ఎముక కనబడలేదు. మూడో దశ అన్నారు. చర్మం చెక్కుచెదరకుండా ఎరుపు నిలిచిపోవడం మొదటి దశ, పైపొర ఊడడమో పొక్కడమో రెండోది, కొవ్వు దాకా తెరుచుకుంటే మూడోది, కండా ఎముకా బయటపడితే నాలుగోది. నాకు అలవాటైన కొలతల్లో రాసుకున్నాను: పొడవు 5 సెంటీమీటర్లు, వెడల్పు 4, లోతు 2. వైద్యుల లోకంలో దీన్ని అల్సర్ అనడం తగ్గిస్తున్నారట. 2016లో అమెరికాలో ఈ విషయం చూసే జాతీయ సలహా మండలి 'పీడనం వల్ల పుండు' అనే పేరు మార్చి 'పీడనం వల్ల గాయం' అని పెట్టింది. ఎందుకంటే చర్మం తెరుచుకోక ముందే దెబ్బ తగిలి ఉంటుంది. ఆ మార్పు నాకు నచ్చింది. పుండు దానంతటది పుట్టిందనుకుంటాం, గాయం అంటే ఎలా తగిలిందని అడుగుతాం.

ఇక అసలు పని మొదలైంది. పిన్ని గోడకు ఒక కాగితం అంటించింది. రెండు గంటలకొకసారి కుడికి, ఎడమకు. నడుము మీద పుండు ఉంది కాబట్టి వెల్లకిలా పడుకోబెట్టడం పూర్తిగా నిషేధం. పడిపోయిన ఎడమవైపు తక్కువసేపు. తిప్పిన ప్రతిసారీ టైము, ఏ వైపు, కింద ఉన్న వైపు చర్మం ఎలా ఉంది అన్నవి నోటు పుస్తకంలో రాయాలి. పూర్తిగా పక్కకు, తొంభై డిగ్రీలు తిప్పేస్తే బరువంతా తుంటి ఎముక మీద పడి అక్కడ మరో పుండు లేస్తుంది. సుమారు ముప్పై డిగ్రీలు వాల్చాలి. ఒక పిరుదు మాత్రమే పైకి లేచి, నడుము కింది ఎముక గాల్లో ఉండాలి.

ముప్పై డిగ్రీలు అనగానే నాకు చేతికి పని దొరికింది. దిండ్లు మడిచి పెడితే అరగంటకు అణిగిపోతున్నాయి. పాత సోఫా ఫోము కొని, 14 అంగుళాల అడుగు, 8 అంగుళాల ఎత్తు వచ్చేలా ఏటవాలుగా కోశాను. ఆ లెక్కకు వాలు దాదాపు ముప్పై డిగ్రీలు. పొడవు భుజం నుంచి పిరుదు దాకా. నూలు గుడ్డతో తొడుగు కుట్టాను, కుట్లు ఒంటికి తగలకుండా అన్నీ వెనకవైపుకు వచ్చేలా. పిక్కల కింద పెట్టడానికి పల్చటి పొడవు దిండు ఒకటి. దాన్ని పిక్క మొత్తానికీ ఆనించి, మడమలు పరుపును తాకకుండా వదిలేయాలి. మడమకూ పరుపుకూ మధ్య కాగితం దూర్చి చూసేవాణ్ణి. ఎడమ మడమ ఎరుపు పది రోజుల్లో పోయింది.

అమ్మను పైకి జరపడానికి లాగుడు గుడ్డ కుట్టాను. మందపాటి నూలు గుడ్డ రెండు మడతలు, భుజాల నుంచి మోకాళ్ళ దాకా, రెండు వైపులా మూడేసి పట్టీలు. ఇద్దరం పట్టీలు పట్టుకుని ఎత్తి జరిపితే చర్మం రాసుకోదు. ఆమె నైటీలన్నీ వెనకవైపు విప్పి, ముందు నుంచి చేతులు తొడిగేలా మార్చాను. వీపు కింద గుడ్డే ఉండదు కనుక ముడత కూడా ఉండదు. లంగా బొందు ముడి, హుక్కు, గుండీ, చివరకు దుప్పటి అంచు మడత కూడా ఎనిమిది గంటల్లో చర్మం మీద గీత వేస్తుందని అంతకుముందు నాకు తట్టలేదు. ఈ బట్టల వల్ల ఇంకో మేలు జరిగింది. అవసరమైన చోటు మాత్రమే తెరుచుకుంటుంది, మిగతా ఒళ్ళు కప్పే ఉంటుంది. అమ్మ చీర అంచు బిగించి పట్టుకోవడం మానేసింది.

తలవైపు ఎత్తడం దగ్గర రెండు అవసరాలు ఒకదానికొకటి అడ్డొచ్చాయి. పక్షవాతం వచ్చినవాళ్ళకు పడుకోబెట్టి తినిపిస్తే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం. కూర్చోబెడితే జారుడు. ఇందులో దేన్నీ వదులుకోలేం. ముందు మోకాళ్ళ కింద దిండు పెట్టి, అప్పుడు తల ఎత్తి తినిపించి, తిన్నాక అరగంట అలాగే ఉంచి, వెంటనే ముప్పై డిగ్రీలకు దించేసేవాళ్ళం. మోకాళ్ళు మడిచి ఉంటే కిందికి జారదు. ఆ అరగంటా ఆమె పక్కనే ఒకరం ఉండేవాళ్ళం.

పుండు కడగడానికి మందుల దుకాణంలో దొరికే నార్మల్ సెలైన్ (శుద్ధమైన ఉప్పునీరు) తప్ప మరేదీ వాడలేదు. బెటాడిన్, పెరాక్సైడ్ క్రిములతో పాటు కొత్తగా పుట్టే కణాల్ని కూడా చంపుతాయని పిన్ని చెప్పింది. గాజుగుడ్డను సెలైన్‌లో తడిపి పిండి, గుంతలో వదులుగా పరచాలి. కుక్కకూడదు. కుక్కితే లోపలి నుంచి మళ్ళీ ఒత్తిడి. పుండును ఎండబెట్టాలన్న నా నమ్మకాన్ని వదులుకోవడానికి టైము పట్టింది. జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల చర్మం మీద చేసిన ప్రయోగంలో, తేమగా కప్పి ఉంచిన గాయాలపై కొత్త చర్మం, ఎండిన గాయాల కంటే దాదాపు రెట్టింపు వేగంతో పాకిందని 1962లోనే తేలింది. చర్మపు కణాలు తడి నేల మీద పాకుతాయి, ఎండిన పెచ్చు అడ్డొస్తే దాని కింద దారి వెతుక్కోవాలి. రెండు నెలల తరువాత స్రావం తగ్గాక ఫోమ్ డ్రెస్సింగులు (స్పాంజిలాంటి మెత్తటి కట్లు) తెప్పించాం. అవి మూడు రోజులకొకసారి మారిస్తే చాలు. ధర ఎక్కువ, నా భార్యకు మాత్రం నిద్ర దొరికింది.

చుట్టూ ఉన్న చర్మం మాత్రం పొడిగా ఉండాలి. మూత్రం, మలం తగిలి నానిన చర్మం తడిసిన కాగితంలా చిరుగుతుంది. తడిసిన వెంటనే గోరువెచ్చని నీళ్ళతో కడిగి, రుద్దకుండా అద్ది, జింక్ క్రీము పల్చగా రాసేవాళ్ళం. రబ్బరు షీటు నేరుగా ఒంటి కింద వేస్తే మా వైపు ఉక్కకు చెమట పట్టి అదీ నానబెట్టినట్టే. పైన నూలు దుప్పటి తప్పనిసరి.

తిండి సంగతి నేను తేలిగ్గా తీసుకున్నాను, పిన్ని తీసుకోలేదు. అమ్మ బరువు 48 కిలోలు. పుండు మానాలంటే కిలో బరువుకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి, అంటే 60 నుంచి 72 గ్రాములు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళకు ఈ లెక్క డాక్టరే చెప్పాలి. అమ్మకు ఆ ఇబ్బంది లేదు. ఆమె తింటున్నదేమో చారన్నం, సగ్గుబియ్యం జావ. కోడిగుడ్డుకు 6 గ్రాముల చొప్పున లెక్కపెట్టడం మొదలుపెట్టాం. రెండు గుడ్లు, చేప ముక్క మెత్తగా విదిపి, చిక్కటి పప్పు, పాలు, పెరుగు. నవంబరులో కార్తీకం వచ్చింది. గుడ్డూ చేపా నోట పెట్టనంది. మాట సరిగా రాని మనిషి ఆ ఒక్క విషయంలో స్పష్టంగా "వద్దు" అంది. ఎదురింటి ఒడియా ఆవిడ (మేం మౌసీ అంటాం) ఇంట్లోనూ కార్తీకమే, ఆమె ఛెనా తెచ్చి ఇచ్చింది. విరిచిన పాలను గుడ్డలో వడగట్టిన మెత్తటి ముద్ద, మా ఊళ్ళో ఎక్కడైనా దొరుకుతుంది. వంద గ్రాముల్లో 18 గ్రాముల దాకా మాంసకృత్తులు. కాస్త బెల్లం కలిపితే అమ్మ ఇష్టంగా తినేది. నెలంతా దాని మీదే గడిచింది.

తిత్లీ తుపాను గురించి చెప్పకుండా ఉండలేను. సెప్టెంబరులో అప్పు చేసి గాలి పరుపు కొన్నాను. దాని గొట్టాల్లోకి మోటారు వంతులవారీగా గాలి నింపుతూ తీస్తూ ఉంటుంది, ఒకేచోట ఒత్తిడి నిలవదు. అది వచ్చాక నాకు ధీమా పెరిగింది. రాత్రి రెండు గంటలకొకసారి తిప్పే పాళిని (వంతును) ఒకసారి ఎగ్గొట్టాను కూడా. తెల్లారి చూస్తే కుడి తుంటి మీద ఎర్రటి మరక. అరగంటకు పోయింది, ఆ అరగంట నేను ఆమె పక్కన కదలకుండా కూర్చున్నాను. గాలి పరుపు ఉన్నా తిప్పడం ఆగకూడదని, పరుపు కింద అరచేయి దూర్చి పిరుదులకూ చేతికీ మధ్య అంగుళం మందం మిగిలిందో లేదో చూడాలని పిన్ని ముందే చెప్పింది. 

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తుపాను తీరం దాటింది. గజపతి జిల్లా మీద విరుచుకుపడింది. మా పెరటి కొబ్బరిచెట్లు పడ్డాయి, వంటింటి రేకులు లేచిపోయాయి, కరెంటు పోయింది. గంటల్లోనే గాలి పరుపు అణిగి, ఉత్త ప్లాస్టిక్ షీటుగా చెక్క మంచానికి అతుక్కుపోయింది. అమ్మ ఎముకలు చెక్క మీద ఉన్నాయి. మౌసీ కొడుకులు ఇద్దరూ వానలోనే వచ్చారు. లాగుడు గుడ్డ పట్టీలు నలుగురం పట్టుకుని అమ్మను వాళ్ళ శ్లాబు ఇంటికి మోశాం. వాళ్ళింటి మందపాటి ఫోము పరుపు ఆమెకు ఇచ్చి వాళ్ళు నేల మీద పడుకున్నారు. నేను వెనక్కి పరుగెత్తి ముందుగా తెచ్చినవి ఏటవాలు దిండ్లు, సెలైన్ సీసాలు, నోటు పుస్తకం.

కరెంటు చాలా రోజులు రాలేదు. ఫోను చచ్చిపోయింది, కాబట్టి అలారం లేదు. గోడ గడియారం ముందు కొవ్వొత్తి పెట్టుకుని కూర్చునేవాణ్ణి. కూలిన ఇంటి పని పగలంతా చేసి రాత్రి మేలుకోవడం మూడో రోజుకు నా వల్ల కాలేదు. మౌసీ నా చేతిలోంచి నోటు పుస్తకం తీసుకుని, "రాత్రి పాళి నాది, నువ్వు పడుకో" అంది. వంతును ఒడియాలో పాళి అనే అంటారు, తెలుగులోనూ ఆ మాట ఉంది. ఎలా తిప్పాలో అప్పటికే చూసి నేర్చుకుంది. ఆ రోజుల పుటల్లో రాత్రి గీతల పక్కన ఒడియా అంకెలు ఉంటాయి. వారం చివర టేపు పెట్టి కొలిచాను. పుండు ఒక్క మిల్లీమీటరు పెరగలేదు.

నవంబరు చివరికి గుంత అడుగున దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి కొత్త మాంసం పైకి వచ్చింది. చర్మం మీద కొత్త మచ్చలేవీ లేవని చాలా వారాల నోటు పుస్తకం చూశాక, మంచి పరుపు మీద రాత్రిపూట మూడు గంటలు, ఆ తరువాత నాలుగు గంటల విరామానికి పిన్ని ఒప్పుకుంది. రెండు గంటలన్నది శిలాశాసనం కాదు, ఆ మనిషి చర్మం ఏం చెబుతోందో చూసి నిర్ణయించాలని ఆమె అనేది. కానీ చూడకుండా పెంచకూడదు. 2019 మార్చిలో శివరాత్రి నాటికి పుండు పూర్తిగా మూసుకుంది. పైన పల్చటి, మెరిసే, గులాబి రంగు చర్మం. మానిన చోట చర్మానికి పాత బలం ఎప్పటికీ పూర్తిగా రాదని, దాన్ని జీవితాంతం కాపలా కాయాలని డాక్టరు చెప్పారు.

ఆ రోజుల్లోనే పిన్ని బ్రేడెన్ స్కేలు అనే లెక్క చూపించింది. 1987లో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే నర్సులు తయారుచేశారు. స్పర్శ, తడి, నడక, కదలిక, తిండి, రాపిడి అనే ఆరు అంశాలకు మార్కులు వేస్తారు. మొత్తం 6 నుంచి 23 వరకు వస్తుంది, ఎంత తక్కువైతే అంత ముప్పు. 18 గాని అంతకు తక్కువ గాని వస్తే జాగ్రత్త మొదలవ్వాలి. ఆసుపత్రిలో మొదటి రోజు అమ్మ పరిస్థితి గుర్తు చేసుకుని వేస్తే 11 వచ్చింది. ఎక్కువ ముప్పు. కాగితం, కలం, ఐదు నిమిషాలు. ఆ వార్డులో ఎవరైనా ఆ లెక్క వేసి, మమ్మల్ని పిలిచి గంట కొట్టినప్పుడల్లా తిప్పమని ఉంటే, మేమిద్దరం పక్కనే ఉన్నాం, తిప్పేవాళ్ళం. మంచానికి ఒక నర్సు ఉండాలని నేను అడగను, అన్ని మంచాల మధ్య ఒకరిద్దరే పరుగెత్తడం చూశాను. మంచం కింద పడుకున్న మనిషికి చెప్పండి అని అడుగుతున్నాను. అతనికి ఇంకే పనీ లేదు, అతని చేతులు ఖాళీగా ఉన్నాయి.

ఎవరి ఇంట్లోనైనా ఇప్పుడు ఎవరైనా మంచం పట్టి ఉంటే, ఇది చదవడం ఆపి వెళ్ళి మడమలు, నడుము కింద, తుంటి దగ్గర వెలుతురులో చూసి, తాకి రండి. జ్వరం, చుట్టూ పాకే ఎరుపు, చీము, ఘాటైన వాసన, నల్లటి పెచ్చు కనబడితే ఇంటి వైద్యం మాని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మేం పోగొట్టుకున్న రోజులు మీరు పోగొట్టుకోవద్దు.

అమ్మ ఆ తరువాత రెండేళ్లకు పైగా బతికింది. కుడిచేత్తో తనే అన్నం తినేది. అరుగు మీద కుర్చీలో కూర్చోబెడితే వీధిలో వెళ్ళేవాళ్ళను చూసేది. కుర్చీలోనూ పావుగంటకొకసారి ఆమెను కాస్త ముందుకు వంచి లేపేవాళ్ళం, కూర్చున్నప్పుడు బరువంతా పిరుదుల ఎముకల మీదే కదా. ఒక చలికాలపు రాత్రి గుండె ఆగి నిద్రలోనే పోయింది. అర్ధరాత్రి నేనే ఆమెను ఎడమవైపు తిప్పి రాసిన గీతే నోటు పుస్తకంలో చివరిది.

ఆడవాళ్ళు గదిలో ఆమెకు చివరి స్నానం చేయించారు. నేను తలుపు బయట నిలబడ్డాను. కాసేపటికి అక్క తడిచేతులతో బయటికి వచ్చి, నా వైపు చూసి, "వీపంతా చూశాంరా. ఎక్కడా ఏమీ లేదు. ఆ పాత మచ్చ ఒక్కటే, అది కూడా మూసే ఉంది" అంది.